హైదరాబాద్ నెంబర్ 12ఏ

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపడం మా పెద్దబాపు అలవాటు. పోయిన ఏడాది ఒక రోజు పువ్వుల బదులు పాత విమానం ఫోటో ఒకటి పెట్టారు. రెండు వరసల రెక్కలు, చెక్క ప్రొపెల్లర్, గుడ్డ తొడిగిన ఒళ్ళు. పక్కన ఇంగ్లిష్‌లో ఒక వరస అక్షరాలు. కింద ఆయన మాట: "మన నిజాం కొనిచ్చిన బాంబర్ విమానం. లండన్ మ్యూజియంల ఇప్పటికి ఉన్నది. మనోళ్ళ పేరు యాడిదాక పోయిందో చూడుండ్రి." పది నిమిషాల్లో గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. నేనూ ఒకటి పెట్టాను. సంతోషంగానే పెట్టాను.

ఆ తర్వాత మూడు నెలలకు లండన్‌లో మా తమ్ముడి ఇంట్లో కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. ఒక ఆదివారం తమ్ముడి కూతుర్ని వెంటబెట్టుకుని నార్తర్న్ లైన్‌లో కాలిండేల్ స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడిచి హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం చేరాను. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కడ కనపడితే అక్కడ పైకి చదివేస్తుంది. విమానం పక్కన రాసింది కూడా గడగడా చదివింది: 'ప్రెజెంటెడ్ బై హిజ్ హైనెస్ ది నిజాం ఆఫ్ హైదరాబాద్. హైదరాబాద్ నెంబర్ 12ఏ.' చదివి నా వైపు తిరిగి, "అత్తా, హైదరాబాద్ అంటే మన హైదరాబాదేనా? అయితే ఇది మనదేనా?" అని అడిగింది.

అవును అందామని నోరు తెరిచి ఆగిపోయాను. గ్రూపులో చప్పట్లు కొట్టడానికి అడ్డురాని సందేహం, పసిపిల్ల ఎదురుగా నిలబడి అడిగేసరికి అడ్డొచ్చింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యుద్ధ విమానాల సర్వీసు చరిత్ర రాసేవాళ్ళు కథను ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెడతారు. ఏ కంపెనీ కట్టింది, ఏ స్క్వాడ్రన్‌కు, అంటే ఏ విమాన దళానికి, వెళ్ళింది, ఎవరు నడిపారు, ఎక్కడ కూలింది. ఈ విమానం కథ ఇంకొంచెం వెనక, అంటే దాన్ని కొన్న డబ్బు దగ్గర మొదలవ్వాలి. అటు చివర కూడా విమానం దిగిన చోట ఆగకుండా, బాంబులు పడ్డ చోటు దాకా వెళ్ళాలి. అలా రెండు వైపులా సాగదీసి చూస్తేనే, మనదా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మనకు వస్తుంది.

అయిదు వారాల సర్వీసు

విమానం రకం డీహెచ్9ఏ. దీనికి ముందు వచ్చిన డీహెచ్9కు ప్యూమా అనే ఇంజన్ పెట్టారు. అది బలహీనమైనది, నమ్మకం లేనిది. దానితో శత్రువు భూమి మీదికి వెళ్ళిన చాలామంది ఆ ఇంజన్ వల్లే పోయారు. యోవిల్‌లోని వెస్ట్‌లాండ్ కంపెనీ ఆ డిజైన్‌ను మళ్ళీ సరిచేసి, అమెరికాలో తయారైన 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజన్ బిగించింది. మన కథలోని విమానం, సీరియల్ నంబర్ ఎఫ్1010, ఆ ఫ్యాక్టరీలోనే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1918లో తయారైంది.

ఇక స్క్వాడ్రన్. 110వ స్క్వాడ్రన్ 1917 నవంబర్ 1న రెండ్‌కోంబ్‌లో పుట్టింది. డీహెచ్9ఏలతో ఫ్రాన్స్‌కు వెళ్ళిన మొదటి స్క్వాడ్రన్ ఇదే. దానికి మొదట ఇచ్చిన విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. అందుకే ప్రతి విమానం మీద ఆ అక్షరాలు. అందుకే దాని పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. దాని బ్యాడ్జి మీద సగం పులి బొమ్మ ఉంటుంది, అది నిజాం రాజచిహ్నం నుంచి తీసుకున్నదే.

1918 సెప్టెంబర్ మొదట్లో వాళ్ళు తూర్పు ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతంలోని బెట్టంకూర్ అనే చోట దిగారు. జనరల్ ట్రెంచర్డ్ కింద పనిచేసే ఇండిపెండెంట్ ఫోర్స్‌లో చేరారు. ఆ దళం పని కందకాల్లో ఉన్న సైన్యానికి సాయం చేయడం కాదు. జర్మనీ లోపలికి వెళ్ళి ఊళ్ళమీద, ఫ్యాక్టరీల మీద, రైల్వే స్టేషన్ల మీద బాంబులు వేయడం. సెప్టెంబర్ 14న బూలే విమానాశ్రయం మీద మొదటి దాడి. తర్వాత మాన్‌హైమ్. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్, అంటే వెళ్ళే దూరమే రెండు వందల యాభై కిలోమీటర్ల పైన. అన్నీ పట్టపగలే, తోడుగా ఫైటర్ విమానాలు లేకుండా.

ఎఫ్1010 కథ అక్టోబర్ 5న ముగిసింది. కైజర్స్‌లాటర్న్, పిర్మాసెన్స్ వైపు దాడికి వెళ్ళిన ఆ రోజున తిరిగి రాని విమానాల్లో అదొకటి. అందులోని ఇద్దరూ జర్మన్లకు చిక్కారు. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే అయిదు వారాల సర్వీసు. ఆ నెలలోనే, 21వ తేదీన ఒక్క దాడిలో ఆ స్క్వాడ్రన్ ఏడు విమానాలు పోగొట్టుకుంది. యుద్ధం ముగిసేసరికి తిరిగి రానివి 17. ప్రమాదాల్లో విరిగినవి, దెబ్బతిన్నవి మరో 28. మొత్తం మీద వాళ్ళు వేసిన బాంబులు పదిన్నర టన్నులు. రెండో యుద్ధంలో రెండు లాంకాస్టర్ బాంబర్లు ఒకే రాత్రి మోసుకెళ్ళగలిగిన బరువుకు ఇది తక్కువ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు.

ఆ ఇద్దరు

పైలట్ కెప్టెన్ ఇంగ్లిస్. వెనక సీట్లో అబ్జర్వర్ సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ. డబ్బు గురించి మాట్లాడబోయే ముందు వీళ్ళ గురించి ఆగి చెప్పాలి. లేకపోతే నేను చేస్తున్న వాదన వీళ్ళను పక్కకు నెట్టేస్తుంది, అది నాకు ఇష్టం లేదు.

పాత డీహెచ్4లో పైలట్‌కు, అబ్జర్వర్‌కు మధ్య పెట్రోలు ట్యాంకు ఉండేది. ఒకరి మాట ఒకరికి వినపడదు. వెనక నుంచి శత్రువు వస్తున్నాడని చెప్పడానికి కూడా తిప్పలే. డీహెచ్9ఏలో ట్యాంకును ముందుకు జరిపి, ఇద్దరి సీట్లూ దగ్గరగా తెచ్చారు. మ్యూజియంలో నేను ఎక్కువసేపు చూసింది ఆ రెండు గుంటలనే. చెయ్యి చాపితే ముందున్న మనిషి భుజం తగులుతుంది. పైన కప్పు లేదు. అయిదు వేల మీటర్ల ఎత్తున ఎముకలు కొరికే చలిలో, తోలు కోట్లు, బొచ్చు బూట్లు వేసుకుని, గంటల తరబడి అలా కూర్చుని వెళ్ళేవాళ్ళు. అబ్జర్వర్ చేతిలో లూయిస్ మెషిన్‌గన్, పైలట్ ముందు విక్కర్స్. వాళ్ళకు పారాచూట్లు లేవు. విమానం అంటుకుంటే దూకడమా, కాలిపోవడమా అన్నదే మిగిలేది.

ఇంగ్లిస్, బాడ్లీ బతికారు. వాళ్ళు పట్టుబడ్డ 37 రోజులకు యుద్ధం ఆగిపోయింది. అదే స్క్వాడ్రన్‌లో చాలామందికి ఆ అదృష్టం దక్కలేదు. వాళ్ళ పేర్లు రికార్డుల్లో ఉన్నాయి, ఏ రోజు ఏ విమానంలో ఎవరున్నారో రాసి ఉంది. ఇది చాలా గొప్ప అలవాటు. ఒక్కో విమానానికీ ఒక్కో జాతకం రాసి వందేళ్ళు దాచిపెట్టిన ఆ శ్రద్ధ నాకు నిజంగా నచ్చింది.

నచ్చింది కాబట్టే మిగతాది లోటుగా కనపడింది. విమానానికి సీరియల్ నంబర్ ఉంది. ఇంజన్‌కు పేరుంది. నడిపిన ఇద్దరికీ పేర్లున్నాయి. కానుక ఇచ్చిన రాజుకు ముక్కు పక్కనే పేరుంది. డబ్బు ఎవరి పొలం నుంచి వచ్చిందో వాళ్ళ ఊసు మాత్రం ఎక్కడా లేదు.

హాలీ సిక్కా నుంచి పౌండ్ల దాకా

హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని మనవాళ్ళు కల్దార్ అనేవాళ్ళు. లండన్‌లో ఒక వస్తువు కొనాలంటే హాలీ రూపాయలు కల్దార్ కావాలి, కల్దార్ పౌండ్లు కావాలి. ఆ గొలుసులో మొదటి కొస ఊళ్ళో మాలీపటేల్ చేతిలో ఉండేది. శిస్తు వసూలు చేసేది ఆయన, లెక్క రాసేది పట్వారీ.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పొచ్చు. నిజాంకు సర్ఫేఖాస్ అనే సొంత భూములు ఉండేవి, వాటి ఆదాయం ఆయన సొంత ఖర్చుకే. కానుక ఆ జేబులోంచి ఇచ్చి ఉంటే అది ఆయన సొంత సొమ్మేగా అనొచ్చు. నేను ఒప్పుకోను. దివానీ భూమైనా, అంటే ప్రభుత్వ ఖజానాకు శిస్తు కట్టేదైనా, సర్ఫేఖాస్ భూమైనా దున్నింది రైతే, కట్టింది శిస్తే. రూపాయి ఏ పెట్టెలో పడిందన్నది దొరల మధ్య లెక్క. ఆ రూపాయి పుట్టిన చోటు మాత్రం ఒకటే.

ఇంకో అభ్యంతరం నాకే తోచింది. రైతు అనగానే నా మనసులో మా సిద్దిపేట వైపు చెరువు కింద పొలాలు, తెలుగు మాటలు మెదులుతాయి. కానీ ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానం అంటే ఔరంగాబాద్, బీడ్, పర్భణీల మరాఠీ రైతులు, గుల్బర్గా, రాయచూరుల కన్నడ రైతులు కూడా. తెలుగువాళ్ళ చెమటతో కొన్న విమానం అని రాస్తే పెద్దబాపు చేసిన పొరపాటునే నేను ఇంకో రకంగా చేసినట్టు. అందరి డబ్బును మన ఒక్కరి పేరు మీద రాసుకోవడం అవుతుంది. కాబట్టి ఈ విమానం మనదే అంటే, అది మనతో పాటు లాతూరు జొన్న రైతుది కూడా.

ఇప్పుడు ఆ ఏడాది సంగతి. 1918లో వానలు ముఖం చాటేశాయి. దక్కన్ అంతా కరువు. ధాన్యం ధరలు పెరిగాయి. సరిగ్గా ఆ శరదృతువులోనే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఊళ్ళను ఊడ్చేసింది. జనాభా లెక్కలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1911లో హైదరాబాద్ సంస్థానంలో జనం 1 కోటి 33 లక్షల పైన. 1921లో 1 కోటి 24 లక్షల పైన. పదేళ్ళలో పెరగాల్సిన జనం దాదాపు తొమ్మిది లక్షలు తగ్గిపోయారు. ప్లేగు, కరువు, ఈ జ్వరాలు, అన్నీ కలిసి.

విమానాల కానుక వల్ల ఆ జనం పోయారని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం అవుతుంది. ఇన్‌ఫ్లుయెంజాకు ఆ రోజుల్లో లండన్‌లోనూ మందు లేదు. కానీ ఒకే నెలలో ఇటు హైదరాబాద్ పేరుతో ఒక స్క్వాడ్రన్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఎగురుతోంది, అటు హైదరాబాద్ ఊళ్ళలో మనుషులు మూలుగుతున్నారు. ఈ రెండింటినీ ఒకే పేజీలో రాసినవాళ్ళు నాకు కనపడలేదు. విమానం గురించి రాసేవాళ్ళకు రెండోది అక్కర్లేదు. మన కరువుల గురించి రాసేవాళ్ళకు మొదటిది తెలియదు. రెండూ ఒకే ఖజానా ఖాతాలో పద్దులు.

పెద్దబాపు వాదన

ఇవన్నీ చెబుదామని పెద్దబాపుకు ఫోన్ చేశాను. ఆయన హైస్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"రాజులందరు గంతే బిడ్డా. తాజ్‌మహల్ కట్టినాయన జేబుల కెళ్ళి తీసి కట్టిండా? వేయిస్తంభాల గుడి సంగతేంది? నువ్వు చెప్పిన లెక్కన ఏదీ ఎవ్వల్ది కాదు."

అది నిజమే. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన ఆగలేదు.

"నేను ఉస్మానియాల చదువుకున్న. గదిగూడ 1918 నాటి మాటనే, గదే నిజాం, గదే శిస్తు పైసలు. దాన్ని మనది అంటవు, దీన్ని కాదంటవ్. గట్లెట్ల కుదురుతది?"

ఈ మాట నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. ఉస్మానియా, ఉస్మాన్‌సాగర్, నిజాంసాగర్ ఇవన్నీ ఆ రాజు కాలానివే, ఆ రైతుల డబ్బువే. నిజాంసాగర్ నీళ్ళు ఇప్పటికీ పొలాలకు పారుతున్నాయి. ఒకే చేతి మంచిని మనదని పెట్టుకుని, చెడును ఆయనదని తోసేయడం అన్యాయమే.

పైగా నిజాంకు కాదనే వీలు ఎంతుందో కూడా ఆలోచించాలి. కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ కూర్చుని ఉన్నాడు. 1914లో టర్కీ సుల్తాన్, అంటే ముస్లింల ఖలీఫా, బ్రిటన్‌కు ఎదురు నిలబడ్డాడు. దేశంలోనే అతి పెద్ద ముస్లిం సంస్థానాధిపతి ఎటు ఉంటాడన్నది బ్రిటిష్ వాళ్ళకు పెద్ద టెన్షన్. ఆయన వాళ్ళ వైపే నిలబడి, ముస్లింలంతా బ్రిటన్‌కు విధేయంగా ఉండాలని ప్రకటన ఇచ్చాడు. దానికి ప్రతిఫలంగా 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అన్న బిరుదు, 'ఫెయిత్‌ఫుల్ ఆలీ', అంటే నమ్మకమైన మిత్రుడు అన్న గౌరవం దక్కాయి. బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న బేరార్ ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని అడిగితే మాత్రం 1926లో వైస్రాయ్ రీడింగ్ ఘాటైన ఉత్తరం రాసి నోరు మూయించాడు. ఇచ్చిన డబ్బుకు వచ్చింది బిరుదులే. ఈ సంగతి చదివినప్పుడు నిజాం మీద నాకు మొదటిసారి కొంచెం జాలి కలిగింది.

ఇంత ఒప్పుకున్నాక కూడా పెద్దబాపుతో నాకు తేడా మిగిలే ఉంది. ఉస్మానియాను మనది అనుకున్నప్పుడు మనం దాని తప్పులూ మాట్లాడుకుంటాం. ఉర్దూలో చదువు చెప్పి తెలుగు పిల్లల్ని ఎలా ఇబ్బంది పెట్టిందో, 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని ఎలా వెళ్ళగొట్టారో చెప్పుకుంటాం. అదీ సొంతం చేసుకోవడం అంటే. విమానం విషయంలో మనం సొంతం చేసుకున్నది పక్కన రాసిన పేరు ఒక్కటే. అది ఏం చేసిందో అడగలేదు. ఫోటో చూసి చప్పట్లు కొట్టాం.

ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మైసూరు, జోధ్‌పూర్ సైనికులతో కలిసి పాలస్తీనాలో పోరాడినవాళ్ళు. మైసూరు, జోధ్‌పూర్ గుర్రపు దళాలకు హైఫా పట్టణం చేజిక్కింది 1918 సెప్టెంబర్ 23న. ఫ్రాంక్‌ఫర్ట్ దాడికి రెండు రోజుల ముందు. ఆ పాలస్తీనా యుద్ధంలో మన మనుషులే గుర్రాల మీద ఉన్నారు, చచ్చిపోయారు, కాబట్టి ఆ విగ్రహం ముందు తల వంచడానికి నాకు ఏ సందేహమూ లేదు. 110 స్క్వాడ్రన్‌లో మన ఊళ్ళ వాళ్ళు లేరు. డబ్బు మాత్రమే ఉంది. మనిషిని పంపడానికీ డబ్బు పంపడానికీ మధ్య ఉన్న ఈ తేడాను కలిపేసి మాట్లాడకూడదు.

బాంబు పడ్డ చోట

మ్యూజియంలో విమానం ముందు నిలబడితే రెక్కలు, ఇంజన్, తుపాకులు కనిపిస్తాయి. కింద ఉన్న ఊరు కనిపించదు. నాకూ అప్పుడు తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో మేనకోడలు, "బాంబులు ఎవరి మీద వేశారు?" అని అడిగింది. "జర్మనీ మీద" అన్నాను. "జర్మనీలో ఎవరి మీద?" అంది.

1918లో బాంబు గురి గురించి ఎవరికీ భ్రమలు లేవు. అయిదు వేల మీటర్ల ఎత్తు నుంచి, గాలికి ఊగుతూ, వెంట శత్రు ఫైటర్లు తరుముతుండగా వేసిన బాంబు రైల్వే యార్డు మీద పడితే అదృష్టం. లేకపోతే పక్క వీధి మీద పడుతుంది. ఫ్యాక్టరీల దాకా చేరలేకపోయినా అక్కడి జనం ధైర్యం దెబ్బతింటుందని, అది చాలా విలువైనదని ట్రెంచర్డ్ బాహాటంగానే వాదించేవాడు. ఊళ్ళమీద బాంబులు వేసి యుద్ధం గెలవొచ్చన్న ఆలోచన అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న రోజులవి. లండన్ మీద జర్మన్లు కూడా అదే చేశారు, అంతకు ముందే చేశారు. ఎవరిది ముందు అన్న తగవులోకి నేను వెళ్ళను. ఆ నడక నేర్చిన విమానాల పక్కన మా ఊరి పేరు రాసి ఉంది. నాకు ముఖ్యమైన సంగతి అది.

తర్వాతి కథ అదే దారిలో నడిచింది. పట్టుబడ్డ ఎఫ్1010ను జర్మన్లు దాచుకున్నారు. 1936లో బెర్లిన్‌లో తెరిచిన పెద్ద విమాన ప్రదర్శనశాలలో అది ఉండేది. 1943 నవంబర్‌లో బ్రిటిష్ బాంబర్లు బెర్లిన్ మీద దాడులు చేసినప్పుడు ఆ భవనం దెబ్బతింది. మిగిలిన విమానాల్ని తూర్పుకు, పోలండ్ వైపు తరలించారు. యుద్ధం తర్వాత అవి క్రాకోలో ఉండిపోయాయి. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కు ఇచ్చి దీన్ని తెచ్చుకుంది. రెక్కలు అప్పటికి లేవు, కొత్తగా కట్టారు. రెండో యుద్ధంలో పోలండ్ పైలట్లు బ్రిటన్‌కు వచ్చి స్పిట్‌ఫైర్లు నడిపారు, ఆ విమానం వాళ్ళ ఊళ్ళో ఉండడంలో ఒక అర్థముంది. ఈ బేరం జరుగుతున్నప్పుడు, పక్కన రాసిన పేరున్న ఊరి వాళ్ళం మనం ఆ దరిదాపుల్లో లేం.

స్క్వాడ్రన్ కథ ఇంకా సాగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తొలి బాంబు దాడి 1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే జరిగింది. జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన ఆ దాడికి ముందు నడిచింది 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ విమానాలే. అడ్మిరల్ షీర్ నౌకకు బాంబులు తగిలాయి, పేలలేదు. అక్కడిదాకా చేరిన పది విమానాల్లో సగం తిరిగి రాలేదు. అదే యుద్ధంలో హైదరాబాద్ పేరుతో మరో రెండు స్క్వాడ్రన్లు కూడా ఉండేవి, 152, 253. 152వది నిజాం తలపాగాను బ్యాడ్జిగా పెట్టుకుంది. దాని నినాదం 'ఫెయిత్‌ఫుల్ ఆలీ'. ఆంధ్రవాళ్ళకు దీనిలో పాత్ర లేదనుకోవద్దు. మద్రాస్ ప్రెసిడెన్సీ పేరుతో 264 స్క్వాడ్రన్ ఉండేది, గుంటూరు, గోదావరి జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే.

110 స్క్వాడ్రన్ తర్వాత బర్మాకు వచ్చింది, మలయాలో హెలికాప్టర్లు నడిపింది, చివరికి 1971లో సింగపూర్‌లో మూతపడింది. హైదరాబాద్ సంస్థానం 1948లో పోయింది. పేరు మాత్రం ఇంకో 23 ఏళ్ళు ఆకాశంలో తిరిగింది.

నేను కోరుకునేది చాలా చిన్నది. హైదరాబాద్‌లో నిజాం కాలం గురించి చెప్పే ఏ ప్రదర్శనలోనైనా ఒక గోడ మీద ఈ విమానం ఫోటో పెట్టాలి. దాని పక్కన 1911, 1921 జనాభా లెక్కలు. ఆ పక్కన ఇంగ్లిస్, బాడ్లీల పేర్లు. ఆ పక్కన మాన్‌హైమ్, ఫ్రాంక్‌ఫర్ట్, ఇంకా స్క్వాడ్రన్ బాంబులు వేసిన ఊళ్ళ పేర్లు. వ్యాఖ్యానం అక్కర్లేదు, చూసేవాళ్ళే మాట్లాడుకుంటారు. అలా చేస్తే నిజాం అభిమానులకు కోపం వస్తుంది, నిజాం అంటే పడనివాళ్ళకు ఇంకో రాయి దొరికినట్టు ఉంటుంది. రెండు వైపుల నుంచీ ఆ ప్రమాదం ఉందని తెలుసు. అయినా గోడ ఖాళీగా ఉండడం కంటే అదే నయమని నా నమ్మకం.

రేకు పెట్టెలో పావతి

మొన్న దసరాకు ఊరికి వెళ్ళాను. పెద్దబాపు నన్ను కూర్చోబెట్టి, అటక మీంచి రేకు పెట్టె దింపించారు. అడుగున ఒక గుడ్డ మూటలో పాత కాగితాలున్నాయి. అన్నీ ఉర్దూలో. మా ముత్తాత కట్టిన శిస్తు పావతులు. "నువ్వు ఫోన్ల అంతగనం కొట్లాడితివి గద, అందుకే తీసిన" అన్నారు.

ఫసలీ లెక్కలో, అంటే నిజాం కాలంలో శిస్తుకు వాడిన క్యాలెండర్‌లో, కొత్త ఏడు మనకు అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. ఎఫ్1010 పట్టుబడ్డ వారమే 1327 ముగిసి 1328 వచ్చింది. నాకు కావాల్సింది 1327 నాటి పావతి. ఊళ్ళో ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దాయన్ని పిలిపించి చదివించాం. ఒక్కో కాగితం వెలుగుకు పట్టి చూసి అంకె చెబుతుంటే నా గుండె కొట్టుకుంది. ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది 1331. విమానం దిగిపోయిన మూడేళ్ళ తర్వాతది. అంతకు ముందువి లేవు.

"1327ల కట్టలేదంటవా?" అని అడిగాను.

"కట్టకుంటే భూమి ఉంటుండెనా?" అన్నారు పెద్దబాపు. కాసేపాగి, "ఆ యేడు ఇంట్ల జ్వరాలతోని ముగ్గురు పోయిన్రంట. మా నాయనమ్మ చెప్పేది. పావతి దాసి పెట్టే సోయి ఎవ్వరికుంటది?" అన్నారు.

1331 పావతి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, హెండన్‌లో తీసిన విమానం ఫోటో పక్కనే. ఈసారి చప్పట్ల బొమ్మలు రాలేదు. రాత్రికి మేనకోడలు వాయిస్ మెసేజ్ పంపింది: "అత్తా, ఈ కాగితం మీద ఏం రాసుంది? నాకు చదవడం రావట్లేదు."